ముగ్గురు దాతలు, ఒక ప్రాజెక్టు: ఏప్రిల్‌లో నర్సు జీతం ఎవరిస్తారు?

ములుగు జిల్లాలో తాడ్వాయి, గోవిందరావుపేట లాంటి రెండు మండలాలు తీసుకోండి. మంచం పట్టిన వృద్ధుల ఇంటికే నర్సు వెళ్లి పుండ్లు కడిగి, కట్టు మార్చి, ఇంట్లోవాళ్లకు పక్క తిప్పడం నేర్పే పని పెట్టాలనుకుందాం. ఇద్దరు నర్సులకు 40,000, ఆరుగురు గ్రామ కార్యకర్తలకు 60,000, ఫిజియోథెరపిస్టుకు 25,000, బండి కిరాయి, డీజిల్ 35,000, మందులు, కట్టు సామాన్లు, డైపర్లు 30,000, కోఆర్డినేటర్‌కు 28,000, సగం పూట అకౌంటెంట్‌కు 9,000, కిరాయి, ఫోన్, ఆడిట్ 8,000. నెలకు 2,35,000, ఏడాదికి 28,20,000 రూపాయలు. మన దగ్గరి చిన్న ట్రస్టు ఒక్కటే ఇంత మోయలేదు. అందుకే ఒక కంపెనీ సీఎస్‌ఆర్ సొమ్ము (కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఖర్చు చేసేది), ఒక కుటుంబ ట్రస్టు, ఒక విదేశీ ఫౌండేషన్ కలవాల్సి వస్తుంది.

కలవగానే అందరికీ వచ్చే ఆలోచన, డబ్బంతా ఒక పెద్ద ట్రస్టు ఖాతాలో వేసి అక్కడి నుంచి క్షేత్రంలో పనిచేసే సంస్థకు పంపుదామని. ఇది కుదరదు. 2020 సవరణ తర్వాత ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద వచ్చిన విదేశీ విరాళాన్ని ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు. పనిచేసే సంస్థకే సొంత ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్, న్యూఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో ఖాతా ఉండాలి. అందులో దేశీయ విరాళం ఒక్క రూపాయి కూడా పడకూడదు. కుటుంబ ట్రస్టుకు వేరే చిక్కుంది. 2023 ఫైనాన్స్ చట్టం తర్వాత ఒక ట్రస్టు మరో రిజిస్టర్డ్ ట్రస్టుకు విరాళమిస్తే అందులో 85 శాతాన్నే ఆదాయపు పన్ను లెక్కల్లో ఖర్చు చేసినట్టు లెక్కిస్తారు. లక్ష ఇస్తే 85,000 మాత్రమే. మధ్యలో ఇంకో ట్రస్టును పెడితే ఈ కోత రెండుసార్లు పడుతుంది. కంపెనీ సంగతికొస్తే, పని చేసే సంస్థకు సీఎస్‌ఆర్-1 నంబరు, అంటే సీఎస్‌ఆర్ పనులు చేసేందుకు రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. కంపెనీలు కలిసి ఒక ప్రాజెక్టు చేయొచ్చుగానీ ఎవరి లెక్క వాళ్లు విడిగా చూపగలగాలి.

అందుకని కలపాల్సింది ఖాతాలు కాదు. బడ్జెట్ ఒకటి, రిపోర్టు ఒకటి, తనిఖీ ఒకటి కావాలి. డబ్బు మాత్రం మూడు దారుల్లో నేరుగా సంస్థకే రావాలి.

బడ్జెట్‌ను పద్దుల వారీగా పంచుకోవడం శుభ్రమైన పద్ధతి. నర్సులు, కార్యకర్తలు, ఫిజియో కంపెనీకి, బండి, మందులు విదేశీ ఫౌండేషన్‌కు, మిగతావి కుటుంబ ట్రస్టుకు. ఆడిటర్‌కు తేలిక. కానీ ప్రమాదం కూడా ఇక్కడే ఉంది. కంపెనీ డబ్బు ఆగితే బండి, మందులు ఉంటాయి, ఎక్కడానికి నర్సు ఉండదు.

అది ఆగేది ఎప్పుడంటే ఏప్రిల్‌లోనే. సంస్థకు డబ్బు పంపినంత మాత్రాన కంపెనీ ఖర్చు చేసినట్టు కాదు, సంస్థ నిజంగా వాడాలి. అందుకే మార్చి 31 లోపు బిల్లులన్నీ పంపమంటారు. కొత్త ఏడాది ప్రతిపాదన సీఎస్‌ఆర్ కమిటీ, బోర్డు దాటి, ఎంఓయూ (ఒప్పంద పత్రం) అయి, మొదటి విడత పడేసరికి జూన్, జూలై అవుతుంది. సరిగ్గా ఆ నెలల్లోనే మన రోగులకు అవసరం ఎక్కువ. ఏప్రిల్ దాకా ఇంట్లోవాళ్లు మిర్చి ఏరడానికి పోతారు, ముసలమ్మ పొద్దంతా ఒంటరిగా ఉంటుంది. ఎండలకు చెమటపట్టి వీపు పుండ్లు ముదురుతాయి, నీళ్లు అందించేవాళ్లుండరు. జీతం రాని కార్యకర్త రెండో నెలలో వేరే పని చూసుకుంటుంది. ఆమెతోపాటు ఇరవై ఇళ్ల నమ్మకం పోతుంది. మాకైతే ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా అన్యాయంగా కనిపించేది ఇదే.

దీనికి మందు రెండు రకాలు. మొదటిది, ప్రాజెక్టును ‘ఆన్‌గోయింగ్ ప్రాజెక్టు’గా, అంటే ఒక్క ఏడాదితో ముగియని పనిగా ఆమోదించమని కంపెనీని మొదటి రోజే అడగండి. అప్పుడు మిగిలిన సొమ్ము ఆర్థిక సంవత్సరం ముగిసిన 30 రోజుల్లో ఖర్చు కాని సొమ్ము కోసం ఉండే ప్రత్యేక అన్‌స్పెంట్ ఖాతాలోకి పోయి, మూడేళ్ల వరకు అదే పనికి వాడుకోవచ్చు. అలా ఆమోదించకపోతే అది ప్రభుత్వ నిధులకు పోతుంది. రెండోది, ఏప్రిల్ నుంచి జూన్ వరకు మూడు నెలల క్షేత్ర జీతాలను, అంటే 3,75,000 రూపాయలను, ట్రస్టు వాటాలో వేయండి. అప్పుడు కంపెనీ వాటా 11,25,000, ట్రస్టుది 9,15,000, విదేశీ ఫౌండేషన్‌ది 7,80,000 అవుతుంది. ఆ మూడు నెలల డబ్బును అప్పుగా తీసుకుని తర్వాత సర్దుదామనుకోవద్దు. ఎంఓయూ తేదీకి ముందు చేసిన ఖర్చును కంపెనీలు సాధారణంగా ఒప్పుకోవు.

పరిపాలన ఖర్చు దగ్గర ఒక అపార్థం తరచూ వస్తుంది. సీఎస్‌ఆర్ నిబంధనల్లోని 5 శాతం పరిమితి కంపెనీ సొంత కార్యాలయ ఖర్చుకు, మీ అకౌంటెంట్‌కు కాదు. మర్యాదగానే, కాగితం చూపించి చెప్పండి. ఎఫ్‌సీఆర్‌ఏలో మాత్రం 20 శాతం పరిమితి సంస్థకే వర్తిస్తుంది.

ప్రతి బిల్లు మీద చెల్లించిన రోజే ‘ఫలానా దాత, ఫలానా పద్దు’ అని ముద్ర వేయాలి. ఒకే డీజిల్ బిల్లు ఇద్దరికి చూపించడం చాలాసార్లు మోసం వల్ల కాదు, ఏడాది చివర ముద్రలు వేయడం వల్ల జరుగుతుంది. లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్‌లో ముగ్గురికి మూడు కాస్ట్ సెంటర్లు (విడి ఖర్చు ఖాతాలు), సీఏ ఇచ్చే వినియోగ పత్రాలు మూడు.

రిపోర్టు మాత్రం ఒకటే, మూడు నెలలకోసారి, నాలుగు పేజీలు. అందులో ఏం లెక్కపెట్టాలో దాతలు ముందే కూర్చుని తేల్చుకోవాలి. ఎన్నిసార్లు ఇళ్లకు వెళ్లారన్నదే కొలత అయితే బండి రోడ్డు పక్క ఇళ్లకే పోతుంది, వాగు అవతల కోయగూడెం మిగిలిపోతుంది. గత 14 రోజుల్లో ఒక్కసారి కూడా చూడని రోగులు ఎందరు, ఎక్కడ అని అడగండి. ‘మెరుగుపడినవారి శాతం’ అనే గడి అసలు పెట్టవద్దు. ఇది చివరి రోజుల్లో ఉన్నవాళ్ల దగ్గర చేసే పని. ఆ గడి ఉంటే చావుకు దగ్గరైన మనిషి పేరు జాబితాలోంచి మెల్లగా జారిపోతుంది. నొప్పి తగ్గిందా, పుండు ఏ దశలో ఉంది అనేవి చాలు. రోగులు 180 మంది అనుకుంటే, ముగ్గురు దాతలూ వాళ్లనే తమ ఖాతాలో విడివిడిగా రాసుకుంటే 540 అవుతుంది. ‘కలిసి’ అనే మాట రిపోర్టులో తప్పక ఉండాలి.

తనిఖీకి ముగ్గురూ ఒకే రోజు రండి. రెండేళ్లకోసారి మాఘంలో మేడారం జాతర జరిగే నెలలో తాడ్వాయి వైపు బండి దొరకదు, దొరికినా కిరాయి పెరుగుతుంది. వానాకాలంలో వాగులు దారి మూస్తాయి. 2023 జూలైలో మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగింది. అందుకే జూన్ చివరికే వాగు అవతలి ఇళ్లకు నెలకు సరిపడా మందులు, కట్టు గుడ్డ చేర్చేందుకు ఆ నెల మందుల పద్దు పెంచుకోవాలి. వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే సదరం శిబిరానికి మంచంలోని మనిషిని తీసుకెళ్లే ఆటో కిరాయికి కూడా ఒక చిన్న పద్దు రాయండి. అది లేకపోతే ఆ సర్టిఫికెట్, దానితో వచ్చే పింఛను రెండూ ఆగుతాయి.

ఒక దాత తప్పుకోవాలంటే ఆరు నెలల ముందు రాతపూర్వకంగా చెప్పాలని ఎంఓయూలోనే ఉండాలి. ఆ ఆరు నెలల్లో రోగుల జాబితా పీహెచ్‌సీకి, ఆ ఊరి ఆశా కార్యకర్తకు అప్పగించాలి. ఎవరి మందు ఎప్పుడు అయిపోతుందో తేదీతో సహా రాసి ఇవ్వాలి.