నొప్పులు మొదలైన తొలి గంటలు

తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చిన అమ్మాయి నడుము లాగుతోందని అనగానే ఆటో పిలిచే ఇళ్లు మా తిరుపతిలో చాలానే ఉన్నాయి. ఆ కంగారును తప్పుపట్టను కానీ, నొప్పులు మొదలవడానికీ బిడ్డ పుట్టడానికీ మధ్య ఎంత సమయం పట్టవచ్చో ముందే తెలిస్తే, ఆసుపత్రి వరండాలో పడే నిరీక్షణ చాలావరకు తగ్గుతుంది.

నొప్పులు మొదలైన ఈ తొలి దశలో గర్భాశయ ముఖద్వారం మెత్తబడి, పలచబడి, మెల్లగా తెరుచుకుంటుంది. అది 5 సెంటీమీటర్లు తెరుచుకునే వరకు తొలి దశగానే భావించాలనీ, దీనికి ఇంత సమయమని నిర్ణయించలేమనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాలు చెబుతున్నాయి. కొందరికి కొన్ని గంటల్లో ముగిసేది, తొలి కాన్పులో ఒక్కోసారి రోజు దాటవచ్చు. పొట్ట గట్టిపడి వదులుతుంది, నొప్పి ఒకసారి పది నిమిషాలకు, మరోసారి ఇరవై నిమిషాలకు వస్తుంది, మధ్యలో ఆగిపోనూ వచ్చు. కాస్త నడిచినా, పక్కకు తిరిగి పడుకున్నా తగ్గిపోతే అవి సాధారణంగా దొంగ నొప్పులే. ఎరుపు చార కలిసిన జిగట స్రావం కనిపించడం కూడా ఈ దశలో సహజమే.

రాత్రయితే నిద్రపోవడం, పగలైతే ఇంట్లోనే నడవడం, గోరువెచ్చని నీళ్లతో స్నానం చేయడం మేలు. డాక్టరు వద్దనకపోతే ఇడ్లీ, జావ, మజ్జిగ వంటి తేలికైన ఆహారం చాలు. బలం కావాలంటూ పెద్ద సంగటి ముద్ద తినిపించడం పెద్దల ప్రేమే గానీ, ఆ తరువాత వాంతి చేసుకునేది అమ్మాయి. ఆముదం మాత్రం డాక్టరును అడగకుండా తాగించకూడదు.

నొప్పులు ఐదు నిమిషాలకొకసారి, నిమిషం పాటు, గంటసేపు క్రమంగా వస్తుంటే బయలుదేరాలి. రెండో కాన్పువారూ, భాకరాపేట ఘాట్ దిగి రావలసినవారూ, గరుడసేవ రోజున ఊళ్లో ఉన్నవారూ అంతవరకు ఆగకూడదు. ఉమ్మనీరు పోయినా, ముఖ్యంగా అది ఆకుపచ్చగా ఉన్నా, రక్తం ధారగా పోయినా, బిడ్డ కదలిక తగ్గినా, తీవ్రమైన తలనొప్పితో చూపు మసకబారినా, 37 వారాలు నిండకముందే నొప్పులు వచ్చినా నిమిషాలు లెక్కపెట్టకుండా 108కు ఫోన్ చేయాలి. ముందు కాన్పు సిజేరియన్ అయినవారూ, బీపీ ఉన్నవారూ, కవలలు మోస్తున్నవారూ ఎప్పుడు రావాలో డాక్టరును ముందే అడిగి ఉంచుకోవాలి.

పరీక్షించి, ముఖద్వారం 2 సెంటీమీటర్లే తెరుచుకుందని ఇంటికి పంపితే పట్టించుకోలేదని నొచ్చుకోనక్కర్లేదు. ఏ మార్పు వస్తే తిరిగి రావాలో అడిగి, స్కానింగు రిపోర్టులున్న సంచిని గుమ్మం దగ్గరే ఉంచుకుంటే చాలు.