అటెన్‌బరో అనే ఊరు, మొగిలి అనే ఇంటిపేరు

పోయిన నవంబర్‌లో ఒక సాయంత్రం, నేను ఇంటి ముందు బండి ఆపి ఇంకా తాళం తియ్యకముందే ఫోన్ మోగింది. నాటింగ్‌హామ్‌లో ఎమ్మెస్సీ చదువుతున్న మా చిన్నాయన కొడుకు ఒక ఫొటో పంపాడు. డార్బీకి రైల్లో పోతుంటే మధ్యలో ఒక చిన్న స్టేషన్ వచ్చిందంట, బోర్డు మీద అటెన్‌బరో అని ఉంది. కింద వాడి మెసేజ్: "అన్నా, ఈయన పేరు మీద ఏకంగా స్టేషనే కట్టేసినారు చూడు."

నేనూ అలాగే అనుకున్నాను. అటెన్‌బరో అంటే మనకు తెలిసినవాళ్ళు ఇద్దరు. ఒకరు 1982లో గాంధీ సినిమా తీసిన రిచర్డ్, ఇంకొకరు అడవులూ జంతువుల డాక్యుమెంటరీల్లో మెల్లగా మాట్లాడే డేవిడ్. ఇద్దరూ సొంత అన్నదమ్ములు. వాళ్ళలో ఎవరి పేరో పెట్టి ఉంటారులే అనుకొని, రాత్రి భోంచేశాక ఊరికే వెతికితే తెలిసింది, సంగతి పూర్తిగా తిరగబడి ఉందని. ఆ ఊరు వాళ్ళకంటే వందల ఏళ్ళ ముందుది, ఆ ఊరి పేరే వాళ్ళ ఇంటిపేరు అయ్యింది.

ఇందులో అంత వింతేముంది, మన తెలుగువాళ్ళ ఇంటిపేర్లలో సగం ఊళ్ళ పేర్లే కదా అంటారేమో. నన్ను పట్టుకున్నది కూడా అదే. మా ఇంటిపేరు మొగిలి. చిత్తూరు నుంచి పలమనేరు పోయే దారిలో, బంగారుపాళెం దాటాక మొగిలి అని ఊరుంది, అక్కడ మొగిలీశ్వరస్వామి గుడి ఉంది, ఆ తర్వాత లారీలు ఆయాసపడుతూ ఎక్కే మొగిలి ఘాట్ వస్తుంది. మేమేమో పుత్తూరు దగ్గరివాళ్ళం, ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నాం. ఆ ఊళ్ళో మాకు సెంటు భూమి లేదు, చుట్టం లేడు. మరి ఆ పేరు మాకెలా వచ్చిందని చిన్నప్పటి నుంచీ అడుగుతూనే ఉన్నాను.

మా అవ్వ ఒకటే మాట చెప్పేది. "ధాత కరవులో మొగిలి నుంచి పిల్లాజెల్లా వేసుకొని నడిచొచ్చినారంట్రా మీ తాతలు." ధాత కరువంటే 1876లో మొదలైన పెద్ద కరువు, మన రాయలసీమలో ఏ పాత ఇంట్లో అడిగినా దాని గురించి ఏదో ఒక మాట వినిపిస్తుంది. కానీ మా పెదనాయన దీన్ని ఒప్పుకోడు. మన పాత చేను గట్టున మొగలి పొదలుండేవి, వాటిని బట్టి "మొగిలి చేనోళ్ళు" అనేవాళ్ళు, అదే ఇంటిపేరయ్యిందని ఆయన వాదన. ఇద్దరి మాటా నమ్మేటట్టే ఉంటుంది, రుజువు మాత్రం దేనికీ లేదు.

సరిగ్గా ఇదే తగాదా అటెన్‌బరోకీ ఉంది! అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నాటింగ్‌హామ్ పట్నానికి నైరుతిలో, బీస్టన్ పక్కన, ట్రెంట్ నది ఒడ్డున ఉంది అటెన్‌బరో. ఎరెవాష్ అనే చిన్న ఏరు వచ్చి ట్రెంట్‌లో కలిసేది అక్కడే. పాత ఇంగ్లీషులో బుర్హ్ అంటే కోట, లేదా చుట్టూ కట్టడి ఉన్న చోటు. అడ్డా అనే పేరుగల మనిషి కోట కాబట్టి ఆ ఊరికి ఆ పేరు వచ్చిందని పేర్ల మీద పనిచేసినవాళ్ళు చెబుతారు. ఆ ఊరి నుంచి బయటికి వెళ్ళినవాణ్ణి పొరుగూరివాళ్ళు "అటెన్‌బరో అతను" అన్నారు, అది అలా నిలిచిపోయింది. ఇది మా అవ్వ కథ లాంటిది. రెండో దారి ఇంకోలా ఉంది. మధ్యయుగపు ఇంగ్లీషులో "అట్టెన్ బర్గ్" అంటే కోట దగ్గర ఉండేవాడు అని అర్థం, అంటే ఏ కోట పక్కన కాపురం ఉన్నవాడికైనా ఆ పేరు రావచ్చు, ఈ ఊరితో పని లేదు. ఇది మా పెదనాయన చేనిగట్టు వాదన.

బ్రిటన్‌లో ఇంటిపేర్లు మనం అనుకున్నంత పాతవేమీ కావు. 1066లో నార్మన్లు వచ్చాక ముందు జమీందారీ కుటుంబాలు పెట్టుకున్నాయి, మెల్లమెల్లగా కింది జనంలోకి దిగి, దాదాపు 1400 నాటికి ఇంగ్లండ్‌లో చాలామందికి తండ్రి నుంచి కొడుక్కి వచ్చే పేరు స్థిరపడింది. కమ్మరి స్మిత్, రొట్టెలు కాల్చేవాడు బేకర్, జాన్ కొడుకు జాన్సన్, ఊరు వదిలినవాడికి ఊరి పేరు. ఊరి పేరు ఊళ్ళోనే ఉన్నవాడికి రాదు, అందరూ ఆ ఊరివాళ్ళే అయినప్పుడు దాంతో ఎవర్ని గుర్తుపడతారు? ఊరు దాటినవాడికే వస్తుంది. అంటే ఊరి పేరున్న ప్రతి ఇంటిపేరు వెనకా ఎవరో ఒకరు మూటాముల్లె సర్దుకొని వెళ్ళిన రోజు ఒకటుంది. మా అవ్వ మాట వైపు నేను మొగ్గేది ఇందుకే.

అటెన్‌బరోలు అలా వెళ్ళారు గానీ పెద్ద దూరం వెళ్ళలేదు. అరుదైన ఇంగ్లీషు ఇంటిపేర్లలో చాలావాటిది ఇదే తీరు, మ్యాపు మీద చుక్కలు పెడితే పుట్టిన ఊరి చుట్టూ కొన్ని మైళ్ళలోనే గుంపుగా పడతాయి. ఈ పేరువాళ్ళు తరతరాలుగా నాటింగ్‌హామ్‌షైర్‌లో, దాన్ని ఆనుకొని ఉన్న డార్బీషైర్‌లోనే ఎక్కువ. రిచర్డ్, డేవిడ్‌ల నాయన ఫ్రెడరిక్‌ది స్టేపుల్‌ఫర్డ్, అది అటెన్‌బరోకి కొన్ని మైళ్ళ దూరమే. అంటే అన్ని వందల ఏళ్ళలో ఆ కుటుంబం నడిచిన దూరం మన తిరుపతి నుంచి చంద్రగిరి కూడా కాదు. లండన్ చేరినవాళ్ళూ ఉన్నారు, విక్టోరియా రాణి కాలంలో అక్కడ తాకట్టు వ్యాపారంలో అటెన్‌బరోలకు పేరుండేది. అయినా వేరు మాత్రం ట్రెంట్ ఒడ్డునే. పేరు రాతలో అటెన్‌బరో, అటెన్‌బరా, అటెన్‌బర్రో అని రకరకాలుగా కనిపిస్తుంది, రాసేవాడి చెవికి ఎలా వినపడితే అలా రాశాడు. మా నాయన రేషన్ కార్డులో మొగిలి, మా చిన్నాయన పట్టాదారు పుస్తకంలో మొగలి ఉన్నట్టే.

ఇదంతా వాళ్ళకి తెలియడానికి కారణం రాత. 1538లో ఎనిమిదో హెన్రీ రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఉత్తర్వు వేయించాడు, ప్రతి చర్చిలో జ్ఞానస్నానాలు, పెళ్ళిళ్ళు, ఖననాలు పుస్తకంలో ఎక్కించాలని. 1837 నుంచి ప్రభుత్వమే జననమరణాలు నమోదు చేసింది, 1841 నుంచి జనాభా లెక్కల్లో ఇంటింటి మనుషుల పేర్లు రాశారు. 1979 నుంచి అక్కడ ఒక సంఘం ఉంది, అందులో ఒక్కొక్కరూ ఒక్కో ఇంటిపేరు పట్టుకొని, ప్రపంచంలో ఆ పేరున్న ప్రతి మనిషినీ వెతికి పట్టిక రాసుకుంటారు. ఒక్క పేరు కోసం జీవితమంతా! నాకైతే చేతులెత్తి మొక్కాలనిపించింది.

అసలు విషయం ఇక్కడుంది. కాగితం ఎక్కడో ఒక చోట ఆగిపోతుంది, అక్కడి నుంచి ఇంకా వెనక్కి పోవడానికి లెస్టర్ యూనివర్సిటీలో టూరి కింగ్, మార్క్ జోబ్లింగ్ అనే ఇద్దరు జన్యుశాస్త్రవేత్తలు వేరే దారి పట్టారు. తండ్రి నుంచి కొడుక్కి ఇంటిపేరు ఎలా వస్తుందో, మగవాళ్ళ కణాల్లో ఉండే వై క్రోమోజోమ్ అనే డీఎన్ఏ పోగు కూడా అలాగే వస్తుంది. 40 ఇంటిపేర్లు తీసుకొని, 1,600 మందికి పైగా మగవాళ్ళ డీఎన్ఏ చూసి, 2009లో ఫలితం బయటపెట్టారు. స్మిత్‌లలో ఒకరికొకరికి ఏ సంబంధమూ కనపడలేదు, కమ్మరి ప్రతి ఊళ్ళో ఉంటాడు కాబట్టి ఆ పేరు ఎన్నో చోట్ల విడివిడిగా పుట్టింది. అరుదైన పేర్లవాళ్ళు మాత్రం ఒకరికొకరు దగ్గరగా వచ్చారు. అటెన్‌బరోలలో అయితే పదిమందిలో దాదాపు తొమ్మిదిమందిది ఒకే రకం క్రోమోజోమ్, అది కూడా ఇంగ్లండ్‌లో అరుదుగా కనిపించే రకం. యాదృచ్ఛికంగా అందరికీ అదే ఉండటం కుదరని పని. అంటే వాళ్ళు దాదాపు అందరూ ఒకే ఒక మనిషి వారసులు. పేరుకి అర్థం ఊరా, కోట పక్కన ఇల్లా అనేది అలా ఉంచండి, ఆ పేరు మొదట మోసిన మనిషి ఒక్కడే, వాడి పేరేంటో ఎవరికీ తెలియకపోయినా వాడి గుర్తు ఇన్ని వందల ఏళ్ళూ ఒంట్లోనే తిరుగుతోంది.

ఇంకో చిన్న సంగతి, ఫ్రెడరిక్ అటెన్‌బరో 1932 నుంచి 1951 దాకా ప్రిన్సిపాల్‌గా ఉన్న కాలేజీయే తర్వాత ఆ లెస్టర్ యూనివర్సిటీ అయ్యింది.

అటెన్‌బరోలలో ఆ క్రోమోజోమ్ లేని, పదిలో మిగిలిన ఆ ఒకరి సంగతి? దత్తత కావచ్చు, తల్లి పేరు పెట్టుకొని ఉండొచ్చు, ఆస్తి కోసం పేరు మార్చుకొని ఉండొచ్చు, ఇంగ్లండ్‌లో అలా మార్చుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. మనకు ఇల్లరికం ఉంది కదా, అలాగే.

అరుదైన పేర్లు చచ్చిపోతాయి కూడా. ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త 1873లో ఇదే ప్రశ్న వేశాడు, వంశాల పేర్లు ఎందుకు అంతరించిపోతున్నాయని, వాట్సన్ అనే ఆయనతో కలిసి దానికి లెక్క కట్టాడు. ఒక తరంలో అందరూ ఆడపిల్లలే పుడితే, లేదా పిల్లలే లేకపోతే, పేరు అక్కడితో అయిపోతుంది. చిన్న గుంపుకే ఈ గండం ఎక్కువ. ఇది చదువుతుంటే మా అవ్వ పుట్టింటి పేరు గుర్తొచ్చింది. ఆమెకు అన్నదమ్ములు లేరు, అక్కచెల్లెళ్ళే. ఆ పేరు ఇప్పుడు మా ఇంట్లో ఒక పాత పెళ్ళిపత్రిక మీద తప్ప ఎక్కడా లేదు. దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో దాచాను.

ఊరి పేరు ఇంటిపేరై ఊరినే మించిపోవడం తిరుపతివాళ్ళకి వేరే చెప్పాలా? తాళ్ళపాక రాజంపేట దగ్గర చిన్న ఊరు. అక్కడ పుట్టిన అన్నమయ్య కొండెక్కాడు, ఆ ఊరి పేరు ఆయనతో పాటు ఎక్కింది, ఇప్పటికీ సుప్రభాతం వేళ స్వామికి మేలుకొలుపు పాడేది తాళ్ళపాక వంశం వాళ్ళే. తరిగొండ వెంగమాంబ పేరులోనూ ముందున్నది ఊరే.

ఇంకోటి, హార్స్‌లీ హిల్స్. మదనపల్లె దగ్గరి ఆ కొండ మొన్నటిదాకా మన చిత్తూరు జిల్లాలోదే, 2022లో జిల్లాలు విడిపోయాక అన్నమయ్య జిల్లాలోకి వెళ్ళింది. కడప కలెక్టర్ హార్స్‌లీ అక్కడ బంగళా కట్టుకుంటే ఆయన ఇంటిపేరు కొండకు అంటుకుంది. హార్స్‌లీ కూడా ఊరి పేరే, ఇంగ్లండ్‌లో ఆ పేరుతో నాలుగైదు చోట్ల ఊళ్ళున్నాయి, గుర్రాలు మేసే బీడు అని అర్థం. మనవాళ్ళు ఆ కొండను ఏనుగు మల్లమ్మ కొండ అనేవాళ్ళు. అంటే ఏనుగుల కొండకు ఎక్కడిదో గుర్రాల బీడు పేరు వచ్చి కూర్చుంది. నాకు ఏనుగు మల్లమ్మే ఇష్టం, ఇంట్లో పిల్లలతో అలాగే అనిపిస్తున్నాను.

మనమేమో ఇంటిపేరుని ఒక్క అక్షరం చేసేశాం. స్కూల్లో నన్ను అందరూ ఎం. అనే రాశారు. పాస్‌పోర్ట్‌కి పెట్టినప్పుడు సర్‌నేమ్ అనే గడిలో ఏం రాయాలో తెలియక, ఒక నెట్ సెంటర్ అబ్బాయి నా అసలు పేరుని అక్కడ, మొగిలిని ఇంకోచోట నింపేశాడు, అది సరిచేయించుకునేసరికి మూడు నెలలు టెన్షన్ పడ్డాను. ఎం. అంటే మొగిలి కావచ్చు, ముత్తుకూరు కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. చుక్క వెనక ఊరు మాయమైపోతుంది. చర్చి పుస్తకాలు లేని మనకు ఉన్నది పెద్దవాళ్ళ నోటి మాట, పాత దస్తావేజులు, పెళ్ళిపత్రికలు, కాశీలో పండాల దగ్గరుండే చిట్టాలు. అందులో నోటి మాట ఏటేటా తగ్గిపోతోంది. మా అవ్వ పోయి నాలుగేళ్ళయ్యింది, ఆమెను ఇంకో పది ప్రశ్నలు అడిగి ఉండాల్సింది.

జనవరిలో ఒక ఆదివారం మొగిలి వెళ్ళాను. గుళ్ళో దండం పెట్టుకొని, రచ్చబండ దగ్గర కూర్చున్న ఒక పెద్దాయనకు మా కథంతా చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "అయితే ఊరు మొగలి పొదల వల్లే కదబ్బా మొగిలి అయ్యింది, మీ అవ్వా, మీ పెదనాయనా ఇద్దరూ ఒకటే చెప్పినారు గదా" అన్నాడు. నాకు ఒక్క క్షణం మాట రాలేదు. ఇంటికొచ్చి పెదనాయనకు ఫోన్ చేసి చెబితే ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడకుండా ఉండి, "ఆ పెద్దాయన యాడుంటాడు, నేనూ వస్తా ఈసారి" అన్నాడు.

మావాడు కూడా మొన్న ఆ స్టేషన్‌లో దిగాడంట. అక్కడ ట్రెంట్ పక్కన గులకరాళ్ళ కోసం తవ్విన గోతులు చెరువులై, పక్షులు చేరి, సంరక్షణ కేంద్రమయ్యాయి, 1966లో దాన్ని ప్రారంభించింది డేవిడ్ అటెన్‌బరోయే. ఊరి పేరు మోసే మనిషి ఆ ఊరికే వచ్చి రిబ్బన్ కత్తిరించాడన్నమాట. సెయింట్ మేరీ చర్చి సమాధుల మధ్య తిరిగి ఫొటోలు పంపాడు వాడు. రాళ్ళ మీది అక్షరాలు సగం చెరిగిపోయి ఉన్నాయి.

నా నోట్‌బుక్‌లో ఇప్పటికి మొగిలి ఇంటిపేరున్న ఇళ్ళు పదిహేడు చేరాయి, పుత్తూరు వైపు పదకొండు, తిరుపతిలో నాలుగు, బెంగళూరులో రెండు. మీ ఇంటిపేరు మొగిలి అయినా, మొగలి అయినా, మీ ముత్తాత ఏ ఊళ్ళో ఉండేవాడో నాకు రాయండి, పద్దెనిమిదో పేజీ ఖాళీగా ఉంది.