ముక్కనుమ బార్బెక్యూ: బొగ్గులు రాజుకునేలోపు ఏం ఆడదాం?

బార్బెక్యూ అనగానే అందరూ మసాలా గురించే మాట్లాడతారు. అసలు తలనొప్పి వేరే ఉంది, పొయ్యి రాజుకునేదాకా వచ్చిన జనాన్ని ఏం చెయ్యాలన్నది. బొగ్గు అంటించాక పైన తెల్లటి బూడిద పట్టి నిప్పు కుదురుకోవడానికి అరగంట పడుతుంది, ఒక్కోసారి ముప్పావుగంట కూడా. ఆ టైములో పనిలేని బావలంతా పొయ్యి చుట్టూ చేరి "ఇంకొంచెం కిరసనాయిలు పొయ్యరాదా" అని సలహాలు మొదలుపెడతారు. పొయ్యకండి. భగ్గుమని ముఖం మీదకి లేస్తుంది, పైగా ముక్క నిండా ఆ వాసనే. ఆ బావలకి ఒక ఆట అప్పగించండి, వంట ప్రశాంతంగా సాగుతుంది.

మా వాళ్లకి ఇది ముక్కనుమ ప్రోగ్రాం. కార్తీకంలో ఉసిరిచెట్టు కింద వనభోజనాలు పప్పు, పులిహోరతో సాత్వికంగా అయిపోతాయి. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కాబట్టి ఆ రోజు ఇల్లు దాటం. మర్నాడు రొయ్యలు, చేపలు, చికెన్ డబ్బాల్లో సర్దుకుని నెల్లూరు నుంచి మైపాడు దారి పడతాం. బీచ్‌లో మెయిన్ చోట ఆ రోజు తిరనాళ్లే, అందుకే కాస్త పక్కకి పోయి సరుగుడు తోపులు కనపడే చోట దిగుతాం. నీడ బాగుంది కదా అని తోపులోనే పొయ్యి పెడితే మాత్రం కొంప మునుగుతుంది. రాలిన సరుగుడాకు ఎండి మెత్తలా పరుచుకుని ఉంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. మధ్యాహ్నం గాలి సముద్రం మీద నుంచే కొడుతుంది కాబట్టి రవ్వలు తోపు వైపే ఎగురుతాయి, అందుకే పొయ్యిని తోపుకి ఎంత దూరం పెడితే అంత మంచిది. మనుషులు, ఆటలు పొయ్యికి తూర్పు పక్కన ఉంటే పొగ కూడా తగలదు. చీకటి పడ్డాక గాలి అటుదిటు అవుతుంది, అప్పుడు చాపలు మార్చుకోవాలి.

ఇక ఆటల సంగతి. నేను చూసుకునేది ఒక్కటే, ప్లేటు రాగానే ఎక్కడిదక్కడ వదిలేసి వెళ్లగలగాలి. అందుకే క్రికెట్ వద్దంటాను. ఒక మామ బ్యాట్ పట్టుకుంటే ఔటయినా ఒప్పుకోడు, పదిమంది ఎండలో నిలబడి చూస్తుంటారు, ఆడవాళ్లని ఎవరూ పిలవరు, రొయ్యలేమో ఆరిపోతుంటాయి.

దానికి బదులు ఏడుపెంకులాట పెట్టి చూడండి. ఏడు పెంకు ముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చి, ఒక జట్టు బంతితో కొట్టి పడగొట్టాలి, అవతలి జట్టు అదే బంతితో వీపులు పగలగొట్టేలోపు మళ్లీ పేర్చాలి. పొడి ఇసుకలో పెంకులు నిలబడవు, కిందకి ఒక చెక్కముక్క కానీ పాత స్టీలు పళ్లెం కానీ వెయ్యండి. మెత్తటి రబ్బరు బంతి అయితే దెబ్బ తగిలినా ఏడుపులుండవు. మా పిన్ని చీర కుచ్చిళ్లు దోపుకుని, వంగి అయిదో పెంకు పెడుతూ ఒక కన్ను బంతి మీదే ఉంచుతుంది చూడండి, అక్కడే ఆట సగం గెలుస్తుంది. బంతి నీళ్లలోకి పోతే పోనివ్వండి, పిల్లల్ని మాత్రం దిగనివ్వొద్దు, ఆ అలలతో ఆటలొద్దు.

తాడులాగుడు కూడా ఇసుకలో బ్రహ్మాండంగా ఉంటుంది, పడినా దెబ్బ తగలదు. 1900 నుంచి 1920 దాకా ఇది ఒలింపిక్స్‌లో కూడా ఉండేదని చెబితే మా వాళ్లు నమ్మలేదు. పోటీల్లో జట్టుకి ఎనిమిదిమంది, మనకి లెక్కేముంది, ఒక భారీ బాబాయికి ముగ్గురు పిల్లలు సరి. కానీ తాడుని చేతికి చుట్టుకోనివ్వకండి, వేళ్లు నలిగిపోతాయి. ఓడినవాళ్లు విసనకర్ర పట్టుకుని బొగ్గులు విసరాలి, గెలిచినవాళ్లకి మొదటి చువ్వ. ఈ పందెం పెట్టాక చూడండి, మా అన్నయ్య లాంటి బద్ధకస్తులు కూడా చొక్కా చేతులు మడుస్తారు.

పరుగెత్తలేని పెద్దవాళ్లకి వామనగుంటలు. పలక అక్కర్లేదు, తడి ఇసుకలో పిడికిలితో అటు ఏడు, ఇటు ఏడు గుంటలు చేసి, పిల్లలతో గవ్వలు ఏరించి పోస్తే సరిపోతుంది. అవ్వతో ఆడేటప్పుడు లెక్క మీద కన్నేసి ఉంచండి, అంతకుమించి నేను చెప్పను.

నాకు బాగా నచ్చేది కళ్లకి గంతలు కట్టి రుచి చూపించే ఆట. వంజరం, చందువ, పండుగప్ప ముక్కలు ఒకే మసాలాతో కాల్చి, ముల్లు శుభ్రంగా తీసేసి (ఇది మర్చిపోవద్దు), చున్నీతో కళ్లు కట్టిన వాళ్ల నోట్లో పెట్టాలి. చేపల పులుసు గురించి గంటలు గంటలు చెప్పే నెల్లూరు మొగోళ్లు ఇక్కడ నీళ్లు నములుతారు. మా అవ్వ మాత్రం నమలకుండానే "ఇది చందువ రా, మెత్తగుండ్లా" అనేస్తుంది. చేపలు తిననివాళ్లకి ఇదే ఆట గెనుసుగడ్డ, పనీరు, మొక్కజొన్నతో, వేరే జాలీ మీద కాల్చి. రొయ్యలు ఈ ఆటలో పెట్టకండి, అవి వైపుకి రెండు మూడు నిమిషాల్లో అయిపోతాయి, ఇంకాస్త ఉంచితే రబ్బరు. దించగానే తినేయాలి.

చీకటి పడితే పరుగులాటలు ఆపేయండి, అందరివీ ఉత్త కాళ్లే. బొగ్గుల్ని ఇసుకలో పూడ్చేసి వెళ్లే అలవాటు చాలామందికి ఉంది, అది చాలా చెడ్డ పని. పైకి ఏమీ కనపడదు, లోపల గంటలకొద్దీ వేడి ఉంటుంది, తర్వాత అక్కడ పరుగెత్తే పిల్లాడి పాదం కాలుతుంది. బకెట్లతో నీళ్లు పోసి, కర్రతో కలిపి, మళ్లీ పోసి, చల్లారాక గోతాంలో ఎత్తుకుని రావాలి.

ఈ పని బావలకి అప్పజెప్పి మిగతావాళ్లు అంత్యాక్షరి మొదలుపెట్టొచ్చు. ముందే ఒక మాట అనుకోండి, 'ణ' వస్తే 'న', 'ళ' వస్తే 'ల' తో పాడొచ్చని. లేకపోతే నెల్లూరు చేరేదాకా బండిలో అదే పంచాయితీ.