నౌపడ చిన్నబండిని యలహంకలో మళ్లీ పట్టాలెక్కించాం: నా అనుభవం

ఇంట్లో పెద్దవాళ్లు కట్టిన మోడల్ రైలు సెట్టు మన చేతికొస్తే దాన్ని ఎలా విప్పాలి, ఎలా దాచాలి, నలుగురికీ ఎలా చూపించాలి అని తెలుగులో ఎంత వెతికినా నాకు పనికొచ్చేది దొరకలేదు. అందుకే మేము చేసింది చేసినట్టు రాస్తున్నాను, ఇంకెవరికైనా అక్కరకొస్తుందని.

సెట్టు మా పెద్దమావయ్యది. ఆయనది శ్రీకాకుళం జిల్లా పాతపట్నం పక్కన పల్లె. ఉద్యోగానికి బెంగళూరు వచ్చి యలహంకలో ఇల్లు కట్టుకుని, మేడమీద గది మొత్తం నౌపడ–గుణుపురం నేరోగేజ్ లైనుకి వదిలేశారు. తెలియనివాళ్ల కోసం చెప్తాను: అది పర్లాకిమిడి రాజా గౌరచంద్ర గజపతి నారాయణదేవ్ వేయించిన లైను. హౌరా–మద్రాసు మెయిన్ లైన్లో నౌపడ దగ్గర దిగి ఈ చిన్నబండి ఎక్కితే టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడి చేరేది, సుమారు 40 కిలోమీటర్లు. 1900లో మొదలైంది, 1931కల్లా గుణుపురం దాకా వెళ్లింది. పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులు, అంటే 762 మిల్లీమీటర్లు. 2004 జూన్‌లో గేజ్ మార్పిడి కోసం ఆపేశారు, 2011లో బ్రాడ్‌గేజ్ రైలు గుణుపురం చేరింది. పెద్ద రైలు రావడం ఊళ్లకి మంచిదే, కాదనను. కానీ ఆ చిన్న బోగీలు, చిన్న ప్లాట్‌ఫారాలు చూసినవాళ్లు ఇప్పుడు తగ్గిపోతున్నారు.

మావయ్యకి ఈ మధ్య చేతులు వణుకుతున్నాయి, మెట్లెక్కడం కష్టమైంది. ఇల్లు అద్దెకిచ్చి హైదరాబాద్‌లో కూతురి దగ్గరికి వెళ్లాలని నిర్ణయించుకున్నారు. గది ఖాళీ చేయాలి. ఇంజన్లు మాత్రం కొంటానని ఒకాయన వచ్చి మంచి ధరే చెప్పాడు. మావయ్య ఒప్పుకోలేదు. "ఇంజనట్టుకెళ్లి అద్దాల బీరువాలో ఎడతాడు. అది ఏ ఊరి బండో, ఏటి మోసిందో ఎవుడికి తెలుస్తాదిరా?" అన్నారు. నాకు ఆ మాట గట్టిగా తగిలింది. ఒక సంస్థవాళ్లు మొత్తం తీసుకుంటామన్నారు గానీ ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు. ఇక మేమే చేద్దామనుకున్నాం.

ముందు సైజు సంగతి, ఎందుకంటే సామాన్లు కొనాలన్నా ఎవర్నైనా సలహా అడగాలన్నా ఇది తెలియాలి. మావయ్య మోడల్ 1:87 స్కేల్లో ఉంది, అంటే అసలు బండిలో 87వ వంతు, దాన్ని హెచ్ఓ అంటారు. 762ని 87తో భాగిస్తే 8.76 వస్తుంది. మార్కెట్లో ఎన్ గేజ్ పేరుతో దొరికే పట్టా వెడల్పు 9 మిల్లీమీటర్లు. అంటే మన రెండున్నర అడుగుల లైనుకి ఆ పట్టా దాదాపు సరిగ్గా అతుకుతుంది. యూరప్‌లో ఈ పద్ధతిని హెచ్ఓఈ అంటారు, అమెరికాలో హెచ్ఓఎన్30. బ్రిటన్‌లో ఇదే 9 మిల్లీమీటర్ల పట్టా మీద కొంచెం పెద్ద స్కేలు వాడి 009 అంటారు, దానికోసం 1973 నుంచి ఒక సొసైటీయే ఉంది. కానీ ఈ పద్ధతుల్లో దేనిలోనూ పర్లాకిమిడి బండి రెడీమేడ్‌గా దొరకదు. అందుకే ఆయన ఎన్ గేజ్ ఇంజన్ల అడుగుభాగం, అంటే మోటారు, చక్రాలు మాత్రం తీసుకుని, పైన ఇత్తడి రేకు, ప్లాస్టిక్ షీటు కోసి బాడీ కట్టారు. కొలతలన్నీ సొంతంగా తీసుకున్నవే.

ఆ కొలతల పుస్తకం గురించి చెప్పి తీరాలి. అట్ట ఊడిపోయిన రూళ్ల నోటుబుక్కు. చదువుకునే రోజుల్లో టేపు లేక, బండి ఆగినప్పుడు బోగీని చేత్తోనే కొలిచేవారట. "కిటికీకీ కిటికీకీ నడుమ జానా బెత్తెడు", "మెట్టు ఎత్తు మూరకి నాలుగు వేళ్లు తక్కువ" ఇలా రాసుకున్నారు. పెద్దయ్యాక తన జానని స్కేలు మీద పెట్టి, అదే పేజీ అంచున ఎర్ర సిరాతో మిల్లీమీటర్లు వేసుకున్నారు, దాని పక్కన 87తో భాగహారం. పిల్లాడి చెయ్యి పెద్దవాడి చెయ్యి ఒకటి కాదు కదా అని నేనంటే, ఆ లెక్క కూడా ఇంకో పేజీలో చూపించారు. ఇంజన్ల కంటే ఈ పుస్తకమే విలువైందని నా గట్టి నమ్మకం. అందుకే అన్నిటికంటే ముందు దీన్నే స్కాన్ చేశాం, 600 డీపీఐలో, టిఫ్ ఫైళ్లుగా.

అసలు పని మొదలుపెట్టే ముందు ఒక్క స్క్రూ కూడా విప్పలేదు. ఉన్నది ఉన్నట్టు ముందు రికార్డు చేశాం. పట్టాలు, స్టేషన్లు కట్టిన ప్రతి చెక్క బోర్డుకీ పైనుంచి, పక్కల నుంచి, కిందనుంచి ఫోటోలు, ప్రతి ఫోటోలో ఒక స్కేలు. కింద వైర్లు తామరతంపరగా ఉన్నాయి. ప్రతి వైరు రెండు కొసలకీ ఒకే నంబరు రాసిన టేపు చుట్టాం, మా అబ్బాయి కింద పడుకుని నంబరు అరిస్తే నేను పైన రాసుకున్నాను. తర్వాత మావయ్యని కుర్చీలో కూర్చోబెట్టి ఒక్కొక్క బోగీ చేతికిచ్చి, ఇది ఏది, ఎక్కడ చూశారు, ఎందుకు ఈ రంగు అని అడుగుతూ గొంతు రికార్డు చేశాం. ఫోన్లో చేస్తే ఫ్యాను చప్పుడు బాగా వచ్చేది, చిన్న కాలర్ మైకు కొన్నాక మాట స్పష్టంగా వచ్చింది. ఎవరికైనా నేను ఇచ్చే సలహా ఒకటే: పెద్దాయన బాగున్నప్పుడే, వస్తువు ఆయన చేతిలో ఉన్నప్పుడే మాట్లాడించండి. వస్తువు చేతికొస్తే జ్ఞాపకం దానంతటదే కదులుతుంది. గార్డు బోగీ పట్టుకోగానే ఆయన టెంబూరులో బండెక్కే కూరగాయల గంపల గురించి చాలాసేపు చెప్పారు. అది నేను అడిగే ప్రశ్నల జాబితాలోనే లేదు.

ఇక శుభ్రం చేయడం. ఇంజన్ల గేర్లలో పాత గ్రీజు గట్టిపడి మైనంలా తయారైంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన బ్రష్షుతో అది తీసేసి, ప్లాస్టిక్‌ని తినని నూనె సూది మొనతో ఒక చుక్క పెట్టాం. ఎక్కువ పెడితే పట్టా మీదకి కారి దుమ్ము పట్టేస్తుంది. పట్టాలకి ఉప్పుకాగితం వాడొద్దు. గీతలు పడతాయి, ఆ గీతల్లో మురికి మళ్లీ చేరి కరెంటు అందదు. గుడ్డ, ఆల్కహాల్ చాలు, ఓపిక కావాలి. చక్రాల మీద పట్టు కోసం వేసిన రబ్బరు రింగులు ఎండి పగిలిపోయాయి, కొత్తవి తెప్పించాం. మోటార్లు మామూలు 12 వోల్టుల డీసీ రకం. వైర్లు, స్విచ్చులు బెంగళూరు ఎస్పీ రోడ్డులో ఒక్క గల్లీలోనే దొరికాయి.

ఒక ఇంజన్ అడుగుభాగం మాత్రం నిలబడలేదు. జింకు పోతపోసిన దిమ్మ ఉబ్బి, సన్నగా పగుళ్లిచ్చి, చేత్తో పట్టుకుంటే పొడి రాలింది. దీన్ని జింక్ పెస్ట్ అంటారు. పోత పోసేటప్పుడు సీసం లాంటి మలినాలు కలిస్తే ఏళ్ల తర్వాత ఇలా అవుతుంది, తేమ ఉంటే ఇంకా త్వరగా. దీనికి మందు లేదు. కొత్త అడుగుభాగం తెప్పించి బాడీ దాని మీద కూర్చోబెట్టాం, పాతది పారేయకుండా చీటీ రాసి విడిగా కవర్లో పెట్టాం. ఏం మార్చాం, ఎప్పుడు మార్చాం, ఎందుకు మార్చాం అనేది ఒక రిజిస్టరులో ఉంది. రంగు వెలిసిన బోగీలకి కొత్త రంగు వేద్దామని మా అబ్బాయి చాలా ఉత్సాహపడ్డాడు, నేను వద్దన్నాను. ఆ వెలిసిన ఎరుపు మావయ్య కలిపిన ఎరుపు.

అందరం బాగా వాదించుకున్నది ఉప్పు దగ్గర. నౌపడ అంటే ఉప్పు మడులు. నౌపడ బోర్డు మీద లైను పక్కన ఉప్పు కుప్పలున్నాయి, అవి నిజమైన ఉప్పుతో చేసినవి, నౌపడ నుంచే తెచ్చిన ఉప్పు. చూడ్డానికి అద్భుతంగా ఉన్నాయి. కానీ ఉప్పు గాల్లో తేమ లాక్కుంటుంది, ఆ కుప్పల పక్క పట్టాలు పచ్చగా చిలుమెక్కాయి, దగ్గరున్న పాయింట్ల (బండి ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకి మారే చోటు) స్ప్రింగు తుప్పుతో బిగుసుకుపోయింది. తీసేయాలని నేను, ఉంచాలని మావయ్య. "నౌపడలో ఉప్పు తీసేస్తే ఇక మిగిలేదేటి?" అన్నారు. ఆయన మాటలో న్యాయం ఉంది, ఆ కుప్పలు కూడా మోడల్లో భాగమే. చివరికి ఉప్పుని జాగ్రత్తగా గరిటెతో తీసి బిరడా బిగించిన గాజు సీసాలో పోసి, ఆయన చేతిరాతతోనే చీటీ అంటించాం. కుప్పల స్థానంలో పాలరాతి పొడి, జిగురు కలిపి అదే ఆకారం కట్టాం. ఫోటోలు దగ్గర పెట్టుకుని ఏ కుప్ప ఎంత ఎత్తో ఆయనే పక్కనుండి చెప్పారు. ఇప్పుడు సీసా ఆ బోర్డు పక్కనే ఉంటుంది.

ప్యాకింగులో రెండు విషయాలు గుర్తుపెట్టుకోండి. పాత పెట్టెల్లోని స్పాంజి ఏళ్లు గడిస్తే పొడై రంగుకి అంటుకుంటుంది, వెంటనే తీసేయండి. బబుల్ ర్యాప్ రంగుకి నేరుగా తగలకూడదు, వేడికి దాని బుడగల గుర్తులు పడతాయి. యాసిడ్ లేని పల్చటి కాగితం చుట్టి, తర్వాత పాలిథీన్ ఫోమ్, డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ సంచి. బోర్డులు టాటా ఏస్‌లో తరలించాం. యలహంకలో ఇంటి నుంచి నాలుగు వీధులే అయినా స్పీడ్ బ్రేకర్ల దగ్గర నాకున్న టెన్షన్ చెప్పలేను.

నాలుగు వీధులంటే, దగ్గర్లో ఒక స్కూలువాళ్లు వాడకుండా ఉన్న గది ఇచ్చారు. హెడ్మాస్టరుగారికి నేను చెప్పింది ఇదే: ఇదే రెండున్నర అడుగుల గేజ్ బండి 1915 నుంచి మన యలహంక మీదుగా చిక్కబళ్లాపురం వెళ్లేది, ఇక్కడి పిల్లలకి ఆ సంగతి తెలియదు. కోలార్–చిక్కబళ్లాపురం ముక్క బ్రాడ్‌గేజ్ అయింది 2013లోనే, అంటే ఆ పిల్లల అమ్మానాన్నలు ఎక్కి ఉండొచ్చు. ఆయన వెంటనే ఒప్పుకున్నారు. మావయ్య పెట్టిన షరతు ఒక్కటే, బండి నడవాలి. పుణెలో జోషీగారి మినియేచర్ రైల్వే మ్యూజియం చూసినప్పుడు నాకూ అదే అనిపించింది, నడిచే బండి ముందు జనం ఆగినట్టు ఆగి ఉన్న బండి ముందు ఆగరు. అయితే రోజూ నడిపితే పాత మోటార్లు అరిగిపోతాయి. అందుకని పాత ఇంజన్లు శనివారం కాసేపే, మిగతా రోజుల్లో అదే పట్టా మీద కొత్తగా కొన్న మామూలు ఇంజన్ తిరుగుతుంది, పిల్లలే కంట్రోలరు తిప్పుతారు.

ఫోటోలు, నోటుబుక్కు అందరికీ అందాలనుకున్నాం. దానికి ముందు కాపీరైటు సంగతి తేల్చుకోవాలి. ఫోటో మన ఇంట్లో ఉన్నంత మాత్రాన హక్కు మనది కాదు, సాధారణంగా తీసినవాళ్లది. మావయ్య తీసినవాటికి ఆయన సంతకంతో ఉత్తరం రాయించుకుని షరతులకి లోబడి ఎవరైనా వాడుకోవచ్చనే క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో, వికీపీడియా ఫోటోలుండే వికీమీడియా కామన్స్ సైటులో ఎక్కించాం. స్నేహితులు ఆయనకి ఇచ్చిన ప్రింట్లు మాత్రం ఎక్కించలేదు, వాళ్ల కుటుంబాలకి రాశాం, ఒప్పుకున్నవాళ్లవి చేరుస్తున్నాం. ప్రతి ఫోటోకీ వివరం తెలుగులో, ఇంగ్లీషులో, కన్నడంలో ఉంది. కన్నడం స్కూలు టీచరమ్మ రాసిపెట్టారు.

ఉగాదికి మన తెలుగువాళ్లని పిలిచాం. టెక్కలి నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన ఒక పెద్దావిడ బోర్డు చుట్టూ రెండుసార్లు తిరిగి, స్టేషన్ దగ్గర చింతచెట్టు ఇటు కాదు బాబూ, అటుండేది, దాని కిందే మేము కూకునేవోళ్లం అన్నారు. మావయ్యకి వీడియో కాల్ చేసి చూపించాం. ఇద్దరూ చాలాసేపు వాదించుకున్నారు, ఇద్దరి మాటలూ రికార్డు చేశాం. చెట్టు ఇంకా పాతచోటే ఉంది. రిజిస్టరులో మాత్రం ఆవిడ చెప్పింది తేదీతో సహా రాశాం.

పని ఇంకా చాలా ఉంది. మావయ్య కట్టింది పర్లాకిమిడి దాకానే, కాశీనగర్ మీదుగా గుణుపురం వైపు బోర్డులు లేవు, నోటుబుక్కులో ఆ వైపు కొలతలూ లేవు. నౌపడలో చిన్నబండి నుంచి పెద్ద బండికి సరుకు మార్చే చోటు ఎలా ఉండేదో చూపించే ఒక్క ఫోటో కూడా మా దగ్గర లేదు. దసరా సెలవుల్లో మా అబ్బాయీ నేనూ స్కానరు, మైకు పట్టుకుని నౌపడ, టెక్కలి, పాతపట్నం వెళ్తున్నాం. ఆ ఊళ్లలో మీ ఇంటి ఆల్బంలో చిన్నబండి ముందు తీయించుకున్న ఫోటో ఉంటే బయటికి తీసి ఉంచండి. మీ ఇంట్లోనే స్కాన్ చేసుకుని అక్కడికక్కడే తిరిగి ఇచ్చేస్తాం.