రిహాబ్ సైకాలజీ ఎంట్రన్స్: బట్టీ కొట్టి ఒకసారి, గుండీలు పెట్టించి ఒకసారి

ఎమ్మెస్సీ సైకాలజీ అయ్యాక ఇంటలెక్చువల్ డిసెబిలిటీ (మేధో వైకల్యం) ఉన్న పిల్లలతో పనిచేద్దామనుకునేవాళ్ల కోసం రాస్తున్నా ఫ్రెండ్స్. నేను ప్రిపేరైంది సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్ఐఈపీఐడీలో (ఇలాంటివాళ్ల కోసం పనిచేసే జాతీయ సంస్థ) రిహాబిలిటేషన్ సైకాలజీ ఎం.ఫిల్‌కి, 1984లో ఎన్ఐఎంహెచ్ పేరుతో మొదలైంది అదే. ఫస్ట్ అటెంప్ట్‌లో సీటు రాలేదు.

తప్పు నాదే. ఐక్యూ 50-69 మైల్డ్, 35-49 మోడరేట్, 20-34 సివియర్, 20 లోపు ప్రొఫౌండ్ అని డిసెబిలిటీ తీవ్రతని ఎక్కాల్లా అప్పజెప్పేసి సబ్జెక్ట్ అయిపోయిందనుకున్నా. ఓ రాత్రి మా రూమ్మేట్ "ఇద్దరు పిల్లలకీ ఐక్యూ 55 అనుకోవే, ఒకడు కొట్టుకెళ్లి పాల ప్యాకెట్ తెచ్చి చిల్లర కూడా చూసుకుంటాడు, ఇంకొకడికి చొక్కా గుండీలు రావు, ఇద్దరికీ ఒకటే రాస్తావా" అంది. నోరు పెగల్లేదు. డీఎస్ఎం-5లో (మానసిక సమస్యల్ని నిర్ధారించే అమెరికన్ మాన్యువల్) తీవ్రత చెప్పేది అడాప్టివ్ ఫంక్షనింగ్‌ని, అంటే రోజువారీ పనులు ఎంతవరకు సొంతంగా చేసుకోగలరన్నదాన్ని బట్టి అని నా నోట్స్‌లోనే ఉంది, కింద గీత కూడా గీశా, ఏం లాభం.

ఆ ఏడాదంతా పొద్దున పూట ఒక స్పెషల్ స్కూల్‌కి వెళ్లా. అక్కడ పదేళ్ల బాబుకి గుండీలు నేర్పించడం నా డ్యూటీ. టీచర్ గుండీని సగం కన్నంలోకి దూర్చి వదిలేసేవారు, వాడు లాగితే చాలు, పనైపోయిందని చప్పట్లు కొట్టుకునేవాడు, అది వచ్చాక దానికి ముందు స్టెప్, అది కూడా వచ్చాక ఇంకో ముందు స్టెప్. నాలుగు రోజులయ్యాక వెలిగింది, బ్యాక్‌వర్డ్ చైనింగ్ అంటే ఇదేనా అని! అలాగే వైన్‌లాండ్ స్కేల్‌లో (రోజువారీ, సామాజిక నైపుణ్యాలు కొలిచేది) వాడి సోషల్ ఏజ్ నాలుగొచ్చింది, దాన్ని అసలు వయసు పదితో భాగించి వందతో గుణిస్తే ఎస్‌క్యూ (సోషల్ కోషెంట్) 40, ఆ ఫార్ములా ఇక మర్చిపోతే ఒట్టు. సెగ్విన్ ఫామ్ బోర్డ్ (బోర్డులో ఆకారాల ముక్కలు అమర్చే టెస్ట్) కూడా అంతే, పది ముక్కలు, మూడు ట్రయల్స్, తక్కువ టైమ్ పట్టినదే లెక్కలోకి.

చట్టాలు మాత్రం బట్టీయే, తప్పదు: ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్) 1992, నేషనల్ ట్రస్ట్ 1999, ఆర్‌పీడబ్ల్యూడీ (వికలాంగుల హక్కుల చట్టం) 2016, అందులో 21 డిసెబిలిటీలు. పాత పుస్తకాల్లో మెంటల్ రిటార్డేషన్ అని ఉంటుంది, కంగారు పడకండి, ఇప్పటి మాటలో రాయండి. ఎం.ఫిల్ రూల్స్ మారుతున్నాయి కాబట్టి అప్లై చేసేముందు ఆర్‌సీఐ సైట్ ఒకసారి చూసుకోండి.

రెండోసారి సీటొచ్చింది. చెప్దామని స్కూల్‌కెళ్తే ఆ బాబు వాళ్లమ్మ "మేడమ్, ఇవాళ పై గుండీ ఒక్కటే నేను పెట్టా" అంది, నా సీటు సంగతి చెప్పడం మర్చిపోయా.