కొకైన్, మద్యం కలిస్తే కాలేయంలో పుట్టే మూడో విషం

కొకైన్, మద్యం ఒకేసారి ఒంట్లో ఉంటే కాలేయం వాటి నుంచి కోకాఇథిలీన్ అనే మూడో పదార్థాన్ని తయారుచేస్తుంది. రక్తంలో కొకైన్ సగానికి తగ్గడానికి సుమారు 1 గంట పడితే, దీనికి దాదాపు 2 గంటలు. గుండె మీద భారం అంతసేపూ సాగుతుంది, లయ తప్పే ముప్పూ పెరుగుతుంది.

అసలు మోసం ఇంకొకటి. కొకైన్ మద్యం మత్తును కప్పేస్తుందే తప్ప తగ్గించదు. ఎంత తాగారో తెలియక ఇంకా తాగుతారు. కొకైన్ ముందే దిగిపోతే మిగిలిన మద్యం శ్వాసను మందగింపజేస్తుంది. "పడుకుంటే తగ్గిపోతుందిలే" అని ఒంటరిగా మాత్రం వదిలేయకండి, దయచేసి. వాంతి ఊపిరితిత్తుల్లోకి పోకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఛాతీనొప్పి, ఫిట్స్, ఒళ్లు కాలిపోవడం కనిపిస్తే వెంటనే అంబులెన్స్‌ను పిలవండి. రెండూ తీసుకున్నారని డాక్టరుకు దాచకుండా చెప్పండి: గుండెకు మామూలుగా వాడే బీటా బ్లాకర్లు కొకైన్ ఉన్న ఒంట్లో గుండె రక్తనాళాలను ఇంకా బిగించవచ్చు.