క్లాసు ఫ్రీయే, టైమే ఫ్రీ కాదు

కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో ఎల్ కమీనో రియల్ రోడ్డు మీద మన హోటళ్ళకి కొదవ లేదు. ఆదివారం పొద్దున పేరు రాయించుకుని అరగంట నిలబడితే గానీ టేబుల్ దొరకదు. "అచ్చం మన ఊళ్ళో దోసెలాగే ఉంది" అని మెచ్చుకుంటూ తినేవాళ్ళకి ఆ దోసె ఎవరు వేశారో సాధారణంగా తెలియదు. ఈ చుట్టుపక్కల చాలా వంటిళ్ళలో పెనం దగ్గర నిలబడేది మెక్సికో నుంచో గ్వాటెమాలా నుంచో వచ్చినవాళ్ళే. మా దగ్గరా అంతే. మా దోసె మాస్టర్ది మెక్సికోలోని ఓహాకా రాష్ట్రం, కొండల్లో ఒక పల్లె. వంటింట్లో అందరూ ఆయన్ని 'మాయెస్త్రో' అంటారు, అంటే మాస్టర్ అని. నన్ను 'హెఫా' అంటారు, అంటే బాసు అని. జీతాల లెక్కలూ, డ్యూటీ చార్టూ రాసేది నేనే కాబట్టి.

2015లో హెచ్-4 వీసా, అంటే హెచ్-1బీ ఉద్యోగుల భార్యాభర్తలకిచ్చే వీసా, మీద ఉన్నవాళ్ళలో కొందరికి ఉద్యోగం చేసుకునే అనుమతి వచ్చింది. ఆ పుణ్యమా అని ఇంట్లోంచి బయటపడిన వాళ్ళలో నేనొకదాన్ని. బీకాం చదివి హోటల్ మేనేజర్ అయ్యావా అని బంధువులు ఇప్పటికీ ఫోన్లో వెటకారం చేస్తుంటారు. చేసుకోనీండి.

మాయెస్త్రోకి చదవడం రాదన్న సంగతి చాలాకాలం ఎవరికీ తెలియదు. తెలియకుండా ఆయన ఎంత పకడ్బందీగా నడుపుకొచ్చాడో చూస్తే, చదువురాని మనిషి అమాయకుడని మనం అనుకోవడం ఎంత తప్పో తెలుస్తుంది. బయట ఆర్డర్ కొట్టగానే వంటింటి ప్రింటర్లోంచి చీటీ వస్తుంది. మసాలా దోసెకి ఒక పొట్టి మాట, ఆనియన్ రవ్వకి ఒక పొడుగు మాట, పెసరట్టుకి మొదట్లో గుండ్రటి పొట్ట ఉన్న ఒక అక్షరం. ఈ ఆకారాలన్నీ ఆయనకి కంఠతా వచ్చు. ఇబ్బందల్లా ఎర్ర సిరాతోనే. "జీడిపప్పు వద్దు", "నెయ్యి వద్దు" లాంటివి మా ప్రింటర్ ఎర్రగా కొడుతుంది. ఎరుపు కనబడగానే మాయెస్త్రో చీటీ తీసి పక్కవాడి ముందు పెట్టి, "ఇదేంటో చూడు, వీళ్ళకి రోజుకో కోరిక" అని విసుక్కునేవాడు. పక్కవాడు పైకి చదివేవాడు. ఆ విసుగు అబద్ధమని ఎవరు అనుకుంటారు?

విషయం బయటపడింది ఫుడ్ హ్యాండ్లర్ కార్డు దగ్గర, అంటే తిండిని శుభ్రంగా, జాగ్రత్తగా ఎలా చూసుకోవాలో తెలుసని చెప్పే కార్డు. కాలిఫోర్నియాలో హోటల్ పనిలో చేరిన ముప్పై రోజుల్లోపు ఈ కార్డు తీసుకోవాలి, మూడేళ్ళకోసారి మళ్ళీ పరీక్ష రాయాలి. నలభై ప్రశ్నలు, నూటికి డెబ్భై మార్కులొస్తే పాస్. స్పానిష్‌లోనూ రాయొచ్చు. 2024 నుంచి ఆ ఫీజూ, ఆ టైముకి జీతమూ యజమానే ఇవ్వాలని చట్టం వచ్చింది కాబట్టి, లంచ్ అయిపోయాక వెనక టేబుల్ మీద లాప్‌టాప్ తెరిచి ఒక్కొక్కర్ని కూర్చోబెడుతున్నాను. మాయెస్త్రో వంతు వచ్చింది. మౌస్ పట్టుకున్నాడు, స్క్రీన్ వంక చూశాడు, జేబులు తడుముకున్నాడు. కళ్ళజోడు మర్చిపోయానన్నాడు. మర్నాడూ మర్చిపోయాడు. ఆ తర్వాత రోజు తలనొప్పి. వంటింట్లో మాత్రం ఏ కళ్ళజోడూ లేకుండా పెనం మీద నీళ్ళచుక్క ఎగిరే తీరు చూసి వేడి చెప్పేస్తాడు. చివరికి తనే తలుపు దగ్గరగా వేసి వచ్చి కూర్చున్నాడు. పాత కార్డు మేనకోడలు పక్కన కూర్చుని బటన్లు నొక్కితే వచ్చిందట. "నాకు అక్షరాలు రావు హెఫా. వాళ్ళకి చెప్పొద్దు," అన్నాడు.

కార్డు సంగతి తేలిపోయింది. పాఠమంతా వినిపిస్తూ చెప్పే స్పానిష్ కోర్సు వెతికి పట్టుకున్నాం. ఏది ఎంత వేడిలో ఉంచాలో, పచ్చి చికెన్ కోసిన బల్ల మీద ఏది పెట్టకూడదో ఆయనకి కొత్తగా చెప్పేదేముంది?

చదువు అనగానే ఇక్కడ అందరూ ఇచ్చే సలహా ఒక్కటే: "ఇంగ్లీషు క్లాసుకి పంపండి." మాయెస్త్రో ఒకసారి వెళ్ళి వచ్చేశాడట. టీచరమ్మ మంచిదే. కానీ బోర్డు మీద రాసి, అందరూ నోట్సులో ఎక్కించుకోండి అంది. పెద్దలకి ఇంగ్లీషు నేర్పే క్లాసుల్లో చాలావాటికి మొదటి మెట్టే అక్కడుంది: నీ భాషలో నీకు చదవడం వచ్చు, ఇప్పుడు మా భాష నేర్చుకో. ఏ భాషలోనూ అక్షరం ఎరగనివాళ్ళు ఆ గదిలో తలొంచుకు కూర్చుని, రెండో వారం నుంచి రావడం మానేస్తారు. అక్షరమూ కొత్తే, భాషా కొత్తే అయితే ఏ బుర్రకైనా కష్టమే. ముందు తెలిసిన భాషలో చదవడం వస్తే, తర్వాత ఏ భాషకైనా దారి దొరుకుతుంది.

లైబ్రరీలో అచ్చంగా ఇలాంటివాళ్ళ కోసమే స్పానిష్‌లో చదవడం, రాయడం నేర్పే క్లాసు ఉందని మాకు చెప్పింది కూరగాయలు వేసే డ్రైవరు. కాలిఫోర్నియా లైబ్రరీల్లో పెద్దల చదువు పథకం 1984 నుంచీ ఉంది, వాలంటీర్లు ఒక్కొక్కరికి విడిగా కూర్చుని చెబుతారు. కాకపోతే అది ప్రధానంగా ఇంగ్లీషు కోసం. స్పానిష్ అక్షరాలు వేరే చేతుల మీదుగా వస్తున్నాయి. మెక్సికో ప్రభుత్వం 1981లో వయోజన విద్య కోసం ఇనెయా అనే సంస్థ పెట్టింది. దాని పుస్తకాలతో, మెక్సికో కాన్సులేట్ల సాయంతో 'ప్లాసా కొమునితారియా' పేరిట అమెరికా ఊళ్ళలో లైబ్రరీల్లో, చర్చిల్లో, బడుల్లో క్లాసులు నడుస్తున్నాయి. అక్షరాల నుంచి మొదలుపెట్టి మెక్సికో హైస్కూలు కింది తరగతుల సర్టిఫికెట్ దాకా వెళ్ళొచ్చు. మా లైబ్రరీ క్లాసు అంత పెద్దది కాదు. రిటైరైన ఒక బడి పంతులమ్మ, ఇద్దరు వాలంటీర్లు, మడత బల్లలు, మూలన పిల్లలకి రంగు పెన్సిళ్ళు. ఫీజు లేదు. ఏ వీసా, ఏ కాగితం అని అడగరు. లైబ్రరీలో నీ పేరు మీద ఏముందో ఊరికే బయటికి ఇవ్వకూడదని ఈ రాష్ట్రంలో చట్టమే ఉంది. ఈ మాట పంతులమ్మ మొదటిరోజే చెబుతుంది. ఇప్పుడున్న పరిస్థితుల్లో అది చెప్పకపోతే సగం మంది కుర్చీలో కుదురుగా కూర్చోరు.

మాయెస్త్రోతో పాటు నేనూ వెళ్ళాను. దారి చూపిద్దామని వెళ్ళినదాన్ని, వాలంటీరు కింద కట్టేశారు. నాకు వచ్చింది వంటింటి స్పానిషే. అయినా పనికొచ్చాను, ఎందుకో చెబుతాను. అక్కడ ఏ, బీ, సీ, డీలతో మొదలుపెట్టరు. రోజూ చేతిలో ఆడే వస్తువు మాట ఒకటి తీసుకుంటారు. 'మేసా' అంటే బల్ల. బొమ్మ చూపిస్తారు, దాని గురించి మాట్లాడిస్తారు, తర్వాత మాటని విరుస్తారు: మే, సా. ఇక మా, మే, మీ, మో, మూ. సా, సే, సీ, సో, సూ. నాకు నవ్వొచ్చింది, ఇది మన గుణింతమే! స్పానిష్‌లో అచ్చులు ఐదే, దాదాపు రాసినట్టే పలుకుతారు. గుణింతం చదివిన వాళ్ళకి గంటలో పట్టుబడే లిపి.

ఈ పద్ధతి వెనక బ్రెజిల్ విద్యావేత్త పౌలో ఫ్రేరీ అనే పెద్దమనిషి ఉన్నాడు. 1963లో అంజికోస్ అనే ఊళ్ళో మూడొందల మంది కూలీలకి నలభై గంటల పాఠాల్లో చదవడం నేర్పారు. ఇటుక అన్న మాటని విరిచి అక్షరాలు చెప్పేవారు, ఆ ఇటుక ఎవరు మోస్తున్నారో, ఇల్లు ఎవరిదో కూడా మాట్లాడించేవారు. మరుసటి ఏడు సైన్యం గద్దెనెక్కగానే ఆయన్ని జైల్లో పెట్టింది. పెద్దవాళ్ళకి అఆలు దిద్దించినందుకు జైలేమిటని మీకు అనిపించొచ్చు. మా నెల్లూరు వాళ్ళకి అనిపించదు. ఆ సంగతికి వస్తాను.

ఒకరోజు మాయెస్త్రో మడతపెట్టిన కాగితం తెచ్చాడు. అపార్ట్‌మెంట్ వాళ్ళు తలుపుకి అంటించిన నోటీసు, స్పానిష్‌లోనే ఉంది. ఇంట్లోంచి పంపేస్తున్నారేమోనని రాత్రంతా టెన్షన్ పడ్డాడట. పంతులమ్మ ఇంకా రాలేదు. నేను చదవడం మొదలుపెట్టాను. మన ఇళ్ళల్లో అర్థం తెలియకపోయినా విష్ణు సహస్రనామం గడగడా చదివేస్తాం చూడండి, అలా. నాకు ముక్క అర్థం కాలేదు. ఆయన చెవి ఒగ్గి విన్నాడు, రెండో వాక్యానికే మొహం తేటపడింది. "గురువారం పొద్దున తొమ్మిది నుంచి రెండు దాకా నీళ్ళు రావట. పైపులు మారుస్తారట. అంతే!" అన్నాడు. చదవగలిగేదాన్ని నేను, అర్థం తెలిసింది ఆయనకి. ఇద్దరం కలిస్తే ఒక చదువుకున్న మనిషి అన్నమాట. అప్పట్నించి క్లాసులో నా పని అదే. మాట పైకి పలకడం, వాళ్ళు దాన్ని పట్టుకుని అక్షరాలతో పోల్చుకోవడం.

నిజానికి మాయెస్త్రోకి స్పానిష్ కూడా తల్లిభాష కాదు. ఇంట్లో మిష్తెకో అనే అక్కడి ఆదివాసీ భాష మాట్లాడేవారు. స్పానిష్ సంతలో, కూలి పనుల్లో పట్టుబడింది. క్లాసులో ఒక్కొక్కరిది ఒక్కో కథ. గ్వాటెమాలా అక్కకి బడి ఉండాల్సిన వయసులో అంతర్యుద్ధం, అది 1996 దాకా సాగింది. ఇంకొకామెకి తమ్ముళ్ళు ఎక్కువ, ఈమె పెద్దకూతురు. ఆ మాట చెప్పగానే మిగతాది నాకెవరూ వివరించక్కర్లేదు.

మాది కలిగిరి దగ్గర పల్లె. మా అవ్వకీ ఇలాగే బడి అందలేదు. 1990లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం అనే వయోజన విద్య కార్యక్రమం మొదలైనప్పుడు, కూలి పనులకి పోయొచ్చి, అన్నాలు తిని, రాత్రిపూట పలక పట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళలో ఆమె ఒకతె. ఆ వాచకంలోని ఒక పాఠం చదివి, మాట్లాడుకుని, పక్కనున్న దూబగుంట ఆడవాళ్ళు సారాకి ఎదురు తిరిగారు. వాళ్ళలో ముందు నిలిచిన రోసమ్మ పేరు అప్పుడే రాష్ట్రమంతా మారుమోగింది. 1993 అక్టోబర్‌లో సారా నిషేధం వచ్చింది. మా అవ్వ ఉద్యమానికేం పోలేదు. సంతకం పెట్టడం వచ్చింది, బస్సు బోర్డు చదివేది, అక్కడితో చాలనుకుంది. నేనిప్పుడు ఆలోచించేది ఆ క్లాసు టైము గురించి. అది రాత్రి ఎనిమిదింటికి, ఊళ్ళోనే, ఆడవాళ్ళ పనులన్నీ తెమిలాక పెట్టారు. ఎవరూ సెలవు పెట్టి, బస్సెక్కి వెళ్ళాల్సిన పని లేకపోయింది.

ఇక్కడి క్లాసు మంగళ, గురువారాలు సాయంత్రం ఆరింటికి. పగలు ఆఫీసు ఉద్యోగం చేసేవాళ్ళకి అది మంచి టైమే. ఈ క్లాసు అవసరమైన వాళ్ళెవరూ ఆఫీసుల్లో పనిచేయరు, ఆ ఆఫీసుల్ని ఊడుస్తారు. ఊడ్చే షిఫ్టు మొదలయ్యేది సరిగ్గా ఆరింటికే. పిల్లల్ని చూసుకునే ఆయాలు, ఆ పిల్లల తల్లిదండ్రులు ట్రాఫిక్ దాటుకుని వస్తేగానీ కదల్లేరు. హోటల్ వాళ్ళకి ఐదున్నరకే డిన్నర్. మాయెస్త్రో అయితే తెల్లారుజామున వేరే బేకరీలో కూడా పనిచేస్తాడు, అక్కణ్ణించి ఇరవై రెండో నంబర్ బస్సులో మా దగ్గరికి. లైబ్రరీ వాళ్ళు బోర్డు మీద 'ఉచితం' అని రాసింది నిజమే. కానీ సాయంత్రం గంటన్నర కోసం ఆయన వదులుకోవాల్సింది ఒక పూట జీతం. అది ఇంటద్దెలోంచి పోతుంది.

మన హోటళ్ళ వాళ్ళకి ఇందులో పాత్ర లేదని నేననుకోను. దీపావళికి బోనస్ కవరు ఇస్తాం, పుట్టినరోజుకి కేకు కోస్తాం. డ్యూటీ చార్టు మాత్రం మనకి కుదిరినట్టు రాసుకుని ఆదివారం రాత్రి వాట్సాప్‌లో పడేస్తాం. వచ్చేవారం ఏ రోజు ఖాళీ దొరుకుతుందో తెలియని మనిషి ఏ క్లాసులో చేరతాడు?

మంగళవారం మాకు ఎలాగూ బేరం పల్చన, ఆ రోజు ఆయనకి వారం సెలవు చేసేశాను. పేచీ అంతా గురువారంతోనే. మా ఓనరు మంచివాడే, నన్ను చెల్లెలిలా చూస్తాడు. "దోసె బాగానే తిప్పుతున్నాడు కదమ్మా, ఈ వయసులో చదువేంటి?" అన్నాడు. "అన్నా, జీడిపప్పు పడనివాళ్ళకి జీడిపప్పు వేస్తే లాయరు ఖర్చు ఎంతవుతుందో చెప్పు," అన్నాను. పెద్ద పెద్ద మాటలకంటే ఈ లెక్కే పనిచేసింది. గురువారం పెనం దగ్గర కుర్రవాడొకణ్ణి నిలబెట్టాం. మొదట్లో దోసెలు ఊతప్పాల్లా వచ్చాయి, ఆన్‌లైన్‌లో ఒకాయన రెండు స్టార్లు ఇచ్చి పోయాడు. ఓనరు ఆ రివ్యూ నాకు మూడుసార్లు ఫార్వర్డ్ చేశాడు.

మాయెస్త్రో ఇప్పుడు ఎర్ర సిరా చీటీలు తనే చూసుకుంటాడు. అవి ఇంగ్లీషే, కానీ 'నో' ఎక్కడైనా నో-నే కదా. తర్వాతి మాట ఆకారం గుర్తుపడతాడు. కె, కి, గె, గి దగ్గర మాత్రం ఆగిపోయాడు. అక్కడ స్పానిష్ వాళ్ళు పలక్కుండా ఊరికే ఒక యు అక్షరం దూరుస్తారు, అది ఆయనకి ఒళ్ళు మంట. "పలకనిది రాయడం ఎందుకు? సిరా దండగ," అంటాడు. మొన్న చేతులు కడుక్కుంటూ సింకు మీది బోర్డు గట్టిగా కూడబలుక్కుని చదివాడు. పనివాళ్ళు తప్పనిసరిగా చేతులు కడుక్కోవాలి అని అది, ప్రతి హోటల్లో ఉండేదే. చదివి, తడి చేతులతో వెనక్కి తిరిగి, "ఇన్నేళ్ళుగా ఇందులో ఏముందో అనుకున్నాను. ఇంతేనా?" అన్నాడు. వంటిల్లంతా నవ్వు. ఆయనకి చదవడం రాదన్న సంగతి దాంతో అందరికీ తెలిసిపోయింది, ఆయన పట్టించుకోలేదు.

గిన్నెలు కడిగే గ్వాటెమాలా కుర్రాడు ఆ సాయంత్రం నా దగ్గరకొచ్చి, తనూ గురువారం రావచ్చా అని అడిగాడు. ఓనరుని అడిగితే, "ఇద్దరూ పోతే ఎలాగమ్మా, గిన్నెలు నువ్వు కడుగుతావా?" అన్నాడు. నేను లైబ్రరీకి వెళ్ళి మధ్యాహ్నం మూడింటికి ఇంకో క్లాసు పెట్టమని అడిగాను. లంచ్‌కీ డిన్నర్‌కీ మధ్య ఈ రోడ్డు మీది వంటిళ్ళన్నీ ఊపిరి పీల్చుకునే టైము అదే. ఆరుగురు దొరికితే పంతులమ్మని ఒప్పిస్తామన్నారు. మావాళ్ళు ఇద్దరు, పక్క పంజాబీ హోటల్లో తందూరు దగ్గరుండే ఆయన, ఎదురుగా నూడుల్స్ షాపులో కూరగాయలు తరిగే ఆమె. ఇంకా ఇద్దరు కావాలి.